నడిమి దొరలు

ఆ తహసీల్దారు కచేరీ మీద పిడుగు పడలేదు. ముందు ఆ సంగతి తేలిపోవాలి.

మొన్న మన సంఘం వార్షిక కూటంలో ఒక కుర్ర ప్రసంగీకుడు వేదిక ఎక్కి ఆ ముసలమ్మ కథ చెప్పాడు. ఆమె ప్రార్థన చేయగానే పిడుగు పడిందట. ఖైదీలను ఉంచే హవాలాత్ తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయట. తహసీల్దారు బోరున ఏడుస్తూ వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడట. జనం చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో కూర్చుని పళ్లు నూరుకున్నాను. ఆ తహసీల్దారు పక్కన నిలబడి ఆయన మాట ఆమెకూ, ఆమె మాట ఆయనకూ చేరవేసినవాణ్ణి నేను. ఇంకా చావలేదు. నన్ను ఒక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోయేది?

అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీలో చిన్నవాళ్లు దీన్ని చదివి నా మీద కోపం తెచ్చుకున్నా ఫరవాలేదు. నాకు మీ మీద అంతకంటే ఎక్కువే ఉంది.

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులు. దక్షిణాన, శబరికి దగ్గర్లో ఉన్న ఒక తహసీలు కచేరీలో నేను దుబాసీని. తెలుగు మా ఇంటి భాష. హిందీ జగదల్‌పూర్‌లో నేర్చుకున్నాను, హల్బీ సంతలో అబ్బింది, గోండీ, దోర్లీ మాత్రం జనం చేత తిట్లు తింటూ నేర్చుకున్నాను. దుబాసీ పని చూసేవాళ్లకు సులువు. హుజూర్ అడిగింది వీళ్లకు చెప్పాలి, వీళ్లు చెప్పింది హుజూర్‌కు చెప్పాలి. మధ్యలో మనకంటూ నోరు ఉండకూడదు. నోటితో బతికేవాడికి నోరు లేకపోవడం ఎంత నరకమో చేసినవాడికే తెలుస్తుంది.

మా హుజూర్, అంటే తహసీల్దారు, ఉత్తరాది మనిషి. లంచం ముట్టడు. తాగడు. స్నానం, పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లయినా గొంతు దిగనివ్వడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. లంచగొండికి తాను తప్పు చేస్తున్నానని ఏ మూలో తెలుస్తుంది. ఈయనకు తన మీద తనకు ఎంత నమ్మకమంటే, తన కోపం కూడా న్యాయమే అనుకునేవాడు. ఆ ప్రాంతానికి వచ్చి ఏళ్లు గడిచినా తెలుగు ముక్క ఒక్కటే పట్టుబడింది. ఆ ముక్క ‘దొర’.

అదీ ఆయన తప్పు కాదు. పొద్దున లేస్తే ఆయన చెవిన పడేది అదే. జమాదారు దొర, అడివి నాకా కాసే నాకేదారు దొర, పాత కోటు తొడుక్కున్న పాపానికి నేనూ దొరనే. దోర్లవాళ్ల జాతి పేరులోనే ఆ మాట ఉంది. వాళ్లలో క్రీస్తును నమ్ముకున్న నాలుగైదు ఇళ్లవాళ్లు దేవుణ్ణి కూడా దొరా అనే పిలిచేవాళ్లు. నది అవతలి నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చే బోధకుడు ‘ప్రభువా’ అనమని నేర్పబోయాడు గానీ వాళ్ల నోట అది తిరగలేదు. వాళ్లకు తెలిసిన పెద్ద మాట దొరే కాబట్టి ఆయనకు అదే ఇచ్చారు.

కచేరీలో రాతపని చూసే మా మున్షీ గురించి కూడా చెప్పాలి. కోమట్ల పిల్లవాడు, ఇంట్లో దుకాణం ఉన్నా కచేరీ కుర్చీ మీద మోజుతో వచ్చి చేరాడు. బంగారం లాంటి మనిషి. ఒక్కటే జబ్బు, నవ్వు ఆపుకోలేడు. హుజూర్ తుమ్మినా నవ్వొచ్చేది. గోడ వైపు తిరిగి, పంచె కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేట్టు నవ్వేవాడు. “ఏమయ్యా, నీ నవ్వు ఎప్పుడో మన కొంప ముంచుతుంది” అని నేను తిట్టేవాణ్ణి. చివరకు మునిగిన కొంప మాది కాదు.

ఇప్పపువ్వు రాలే కాలంలో హుజూర్ పల్లెల తనిఖీకి దౌరా బయలుదేరాడు. దౌరా అంటే ఆ రోజుల్లో పల్లెలకు గండమే. డోలీ వాళ్లే మోయాలి, సామాను వాళ్లే మోయాలి, ఆకుల పందిళ్లు వెయ్యాలి, కట్టెలు, పాలు, నెయ్యి అన్నీ తేవాలి. దీనికి కూలి ఉండదు, పేరు మాత్రం ఉంది. బేగారీ. కిష్టారం వైపు అడివిలో ఉన్న ఒక పల్లె వంతు ఆదివారం నాడు పడింది. ఆ నాలుగైదు ఇళ్లవాళ్లు ముందే కబురు పెట్టారు. ఏ రోజైనా మోస్తాం, ఎంత దూరమైనా మోస్తాం, ఆదివారం పొద్దుట ప్రార్థన అయ్యాకనే వస్తాం అని. అంతే. రామని కాదు, ఆలస్యంగా వస్తామని. ఆ కబురు నేనే హుజూర్‌కు చెప్పాను. ఆయన విననట్టు ఊరుకున్నాడు.

ఆదివారం తెల్లారింది. డోలీ ఉంది, మోసేవాళ్లు లేరు. కాసేపు చూసి ఆయన ముఖం ఎర్రబడింది. “చలో” అని, బూట్లు తొడుక్కుని నడక మొదలుపెట్టాడు. నేనూ, మున్షీ, ఇద్దరు జవాన్లూ వెనకే నడిచాం. ఎండ చుర్రుమంటోంది. దారంతా రాళ్లు. ఒక జిల్లా ముక్కను ఏలుతున్న మనిషి తన కాళ్ల మీద తాను నడవాల్సి రావడం ఆయన దృష్టిలో తిరుగుబాటు.

ప్రార్థన పందిరి ఊరి మొదట్లోనే ఉంది. నాలుగు గుంజలు, పైన ఆకులు. జనం దారి వైపు తిరిగి మోకాళ్ల మీద ఉన్నారు. ముందర ఒక ముసలమ్మ. ఆ పల్లెలో మొదట నమ్ముకున్నది ఆమే, బోధకుడు రాని వారాల్లో ప్రార్థన నడిపేదీ ఆమే. మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు. తెలుగూ దోర్లీ కలిపి గొంతెత్తి మాట్లాడుతోంది.

“దొరా, నీకంటె పెద్ద దొర లేడు. అడివి నీది, ఏరు నీది. మా బుద్ధి మంచిది కాదు, మన్నించు దొరా. నువ్వు ఏలితేనే మేం బతుకుతం.”

హుజూర్ ఆగిపోయాడు. మోకాళ్ల మీద జనం, తన వైపే ముఖాలు, దొరా దొరా అని ఆ ముసలి గొంతు. ఆయన ముఖంలో ఎరుపు మెల్లగా దిగిపోయింది. తప్పు తెలుసుకుని తన కోసమే ఇలా మోకరించారని అనుకున్నాడు. మనసు కరిగింది కూడా. ఇది నేను నిజంగా చూశాను, ఆయన కళ్లలో తడి మెరిసింది. కుడిచెయ్యి ఎత్తి, “ఉఠో, ఉఠో. మాఫ్ కియా” అన్నాడు.

ఎవరూ లేవలేదు. ముసలమ్మ ఇంకా చెప్పుకుపోతోంది. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంది.

వెనక నుంచి వచ్చింది ఆ నవ్వు. మున్షీ కొంగు నోట్లో కుక్కుకునే లోపే తప్పించుకు బయటపడింది. హుజూర్ వెనక్కి తిరిగి ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు. వాడు భయంతో నిజమే చెప్పేశాడు. “హుజూర్, ఆ దొర మీరు కారు. పైవాడు. ఆయనకంటే పెద్ద దొర లేడని ఆమె అంటోంది.”

నాకు ఎంత దౌర్జన్యం చూసినా అర్థమవుతుంది. కానీ క్షమించడానికి చెయ్యెత్తి, ఆ క్షమాపణ తనను అడగలేదని తెలిసిన మనిషి ముఖం అంత భయంకరంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ చెయ్యి దించడానికి ఆయనకు దారి కావాలి. దొరికిన దారి ఏమిటంటే, ముసలమ్మ కొడుకును పట్టుకోమని జవాన్లకు చెప్పడం. బేగారీ ఎగ్గొట్టిన నేరం. పాతికేళ్లవాడు, కండగల మనిషి, ఎదురు తిరగకుండా చేతులిచ్చాడు.

“ఇప్పుడు ఆ మాట మళ్లీ అనమను. నా ముఖం చూస్తూ, నాతో అనమను. నాకంటే పెద్ద దొర లేడని. కొడుకును ఇక్కడే వదిలేస్తాను” అన్నాడు హుజూర్.

నేను ఆమెకు చెప్పాను. ఆమె కొడుకు వైపు చూసింది. తర్వాత హుజూర్ వైపు చూసింది. “ఆయనకు దండం పెడత. ఆయన పెట్టె నెత్తిన పెట్టుకొని జగదల్‌పూర్ దాక మోస్త. ఆ మాట మాత్రం ఇంకొకాయనకు ఇచ్చేసిన అయ్యా. రెండోసారి ఎట్ల ఇయ్యాలె?” అంది.

నేను హుజూర్ వైపు తిరిగి, నా పదవిలో మొదటిసారి సొంత నోరు వాడాను. “తప్పయింది హుజూర్, మీకంటే పెద్ద దొర లేడు అంటోంది” అన్నాను. అందులో నాకు సిగ్గేమీ లేదు, ఇప్పుడూ లేదు. హుజూర్ చిరునవ్వు నవ్వాడు. కథ అక్కడితో అయిపోవాల్సింది. వాళ్లు ఇంటికి, హుజూర్ డోలీలోకి.

ముసలమ్మ నా చొక్కా పట్టుకుంది. “ఏంది? నేను ఒప్పుకోలే గదా. ఆయనెందుకు నవ్వుతున్నడు? ఏం చెప్పినవ్ నువ్వు?”

“ఊరుకో అవ్వా. నీ కొడుకు దక్కుతాడు.”

“నా మాట మార్చకు బాబూ. నీకు దండం పెడత. మార్చితె నేనన్నట్టే. నేను అనలేదని చెప్పు.” ఆమె అంతటితో ఆగలేదు. హుజూర్‌కే సూటిగా చెయ్యి అడ్డంగా ఊపి చూపించింది, లేదు, లేదు అని. దానికి ఏ దుబాసీ అక్కర్లేదు.

కొడుకును తీసుకుపోయి కచేరీ హవాలాత్‌లో వేశారు. ముసలమ్మ వెనకే నడిచి వచ్చి కచేరీ అరుగు కింద కూర్చుంది. మున్షీకి ఆ రోజు నుంచి నవ్వు రాలేదు. తన ఇంటి నుంచి రెండు పూటలా కారియర్ తెప్పించి, సగం లోపలికీ సగం అరుగు కిందికీ పంపేవాడు. హుజూర్‌కు తెలిసి అది మాన్పించాడు. లోపలివాడికి సర్కారు జావే, అదీ ఒక్క పూటే. కండగల మనిషి మా కళ్ల ముందే ఎముకల గూడయ్యాడు.

అసలు భయం తొలకరి. ఆ ఇంటికి దున్నే చేతులు ఆ రెండే. వానలు పడే వేళకు వాడు బయటికి రాకపోతే చేను బీడు పడుతుంది, బీడు పడ్డ చేను పటేలు ఇంకొకరికి రాసిస్తాడు. ఇది ఆమెకూ తెలుసు, హుజూర్‌కూ తెలుసు. అందుకే ఆయన తొందరపడలేదు. మేఘాలు తన తరఫున పనిచేస్తున్నాయన్నంత ధీమాగా రోజూ అరుగు మీద కుర్చీ వేయించుకుని, “పూఛో” అనేవాడు. నేను అడిగేవాణ్ణి. ఆమె తల అడ్డంగా ఊపేది.

ఒక సంతరోజు, జనం చూస్తుండగా, ఆయనకు ఆమెకు పాఠం చెప్పాలనిపించింది. “ఈమెకు రాజ్యం అంటే తెలియదు. నువ్వు చెప్పు. నా పైన దివాన్ సాబ్ ఉన్నాడు. ఆయన పైన మహారాజు. మహారాజు పైన అంగ్రేజు సర్కారు. ఆ పైన విలాయత్‌లో బాద్‌షా. ఇంతమంది బలం నా వెనక ఉంది” అన్నాడు.

నేను ఒక్కొక్కరే చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “అమ్మో, ఇంతమంది నడిమి దొరలా?” అంది. “పాపం, ఈయనకు పైన ఎంతమందో! అందరికీ జోహార్లు కొట్టుకుంట ఎప్పుడు పోయి చేరాలె? నేను వీళ్లందర్నీ దాటి పైకే పోయిన. నాకు నడిమి దొరలతోని పనిలే.”

సంత జనంలో సగం మందికి తెలుగు వచ్చు. గొల్లున నవ్వారు. నేను ఆ మాట అక్షరం పొల్లుపోకుండా హిందీలో చెప్పాను. అంత ఇష్టంగా నేను ఏనాడూ దుబాసీ పని చేయలేదు. ఆ నవ్వుకు మూల్యం లోపలివాడు కట్టాడు. మర్నాటి నుంచి ఆ ఒక్క పూట జావ కూడా కొన్ని రోజులు రాలేదు.

ఇదీ నేను మీకు చెప్పదలుచుకున్నది. మీరు కూటాల్లో పాడుకుంటారే, ఆయన సింహాసనం అని, ఆయన అధికారం అని. బాగుంది. నేను ఆ హవాలాత్ గోడ పక్కన నిలబడి లోపలివాడి దగ్గు వింటూ అదే దేవుణ్ణి అడిగాను. నీ అధికారం ఈ రెండు మూరల తలుపు మీద చెల్లదా? ఒక జవాను జేబులో ఉన్న తాళంచెవి నీ కంటే పెద్దదా? ఆమె మీద కూడా అరిచాను. “నీకు మనసుందా అవ్వా? నోటి మాటే కదా! నీ కొడుకు చచ్చిపోతాడు!” అన్నాను. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని ముఖం దాచుకుంది. అప్పుడే చూశాను ఆమె ఏడవడం. ప్రసంగాల్లో ఈ ఏడుపు ఉండదు. రాతిబొమ్మలాగా నిలబడిందని చెప్తారు. అబద్ధం. ఆమె తల్లి.

చివరకు వాన వచ్చింది. మట్టి వాసన హవాలాత్ లోపలికి కూడా పోయుంటుంది. ఆ పొద్దున కొడుకు లోపలి నుంచి జవానును పిలిచాడు. హుజూర్‌తో మాట్లాడాలన్నాడు. ఇద్దరు పట్టుకుని అరుగు మీదికి తెచ్చారు. వాడు మోకాళ్ల మీద కూలబడి, ఎవరూ అడగకుండానే, హుజూర్ ముఖం చూస్తూ అనేశాడు.

“నీకంటె పెద్ద దొర లేడు. నన్ను ఇడువు. చేను దున్నుకోవాలె.”

నేను చెప్పక్కర్లేకపోయింది. హుజూర్‌కు ఆ మాటలు ఈపాటికి కంఠతా వచ్చేశాయి. లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు. ఇంతకాలంగా దించుకోలేకపోయిన చెయ్యి. “మాఫ్ కియా” అన్నాడు. ముసలమ్మ అరుగు కింద తడుస్తూ అంతా విన్నది. కొడుకు చెయ్యి తన భుజం మీద వేసుకుని, వానలోనే ఇంటి దారి పట్టింది.

మీ కథలో తహసీల్దారు ఏడుస్తూ కాళ్ల మీద పడ్డాడా? ఆయనకు ఆ తర్వాత పెద్ద పదవి వచ్చింది. దండలు వేసి సాగనంపారు. సంస్థానం పోయింది, మహారాజూ దివానూ పోయారు, విలాయత్ బాద్‌షా జెండా కూడా దిగిపోయింది. అప్పుడు కూడా ఆయన పింఛను ఆగలేదు. నిండుగా బతికి, మంచం మీద మనవల మధ్య పోయాడని విన్నాను. పిడుగట, పిడుగు!

ఆ తల్లీకొడుకులు వెళ్లిన తర్వాతి ఆదివారం నేను ఆ పల్లెకు వెళ్లాను. సెలవు అడగలేదు, చెప్పకుండానే పోయాను. దారి పక్కన వాళ్ల చేను దున్ని ఉంది. ఎవరు సాయం పట్టారో, వాడి ఒంట్లో అంత శక్తి ఎక్కడిదో తెలియదు. పందిట్లో జనం ఉన్నారు. కొడుకు మాత్రం బయట, వానకు తడిసిన ఒక దుంగ మీద కూర్చుని ఉన్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

ముసలమ్మ లోపలి నుంచి కేకేసింది. “రా కొడకా. మొదలుపెట్టాలె.”

“నేను రాను,” అన్నాడు వాడు. “ఆ మాట మనిషికి అన్న. ఇగ నాకు అక్కడ పనేముంది?”

ఆమె బయటికి వచ్చింది. వాడి ముందు బురదలోనే కూర్చుంది. లోపలున్న వాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి ఆమె చుట్టూ చేరారు.

“ఓరి పిచ్చోడా, నువ్వన్నవని ఆయన దిగిపోతడా? నేననకుంటె ఆయన నిలబడ్డడా? నువ్వన్నా, అనకున్నా ఆయన దొరే. ఆయన ఏలుబడి మన నాలిక మీద నిలవలే” అంది.

ఇక నేను ఆగలేకపోయాను. ఇన్నాళ్ల కోపమూ ఒక్కసారి పొంగింది. “మరి ఎందుకు అవ్వా? ఆయనకేమీ తక్కువ కాదని నీకు ముందే తెలుసు కదా! మొదటి రోజే ఆ ముక్క అనేస్తే వీడు ఇలా అయ్యేవాడా? ఎవరి కోసం మొండికేశావు?”

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. చదువుకున్నవాడివి, ఇది కూడా తెలియదా అన్నట్టు కాదు. నిజంగానే నేను ఇది అడుగుతానని అనుకోనట్టు.

“పైన ఉన్న దొరకు ఏమైతదయ్యా? ఏం కాదు. భయమంతా మీ దొర గురించే. నేను ఆ మాటంటె, తనే పెద్ద దొరనని ఆయన నమ్ముతడు. రోజూ అందరు అంటనే ఉన్నరు, సగం నమ్మిండు. ఒక్కరన్నా అనకుండ ఉండాలె గదా. ఇప్పుడు వీని నోటితోని ఇన్నడు, మొత్తం నమ్మిండు. ఇగ ఆయన్ని ఎవరు కాపాడుతరు?”

అంతా మోకరించారు. ఆమె హుజూర్ కోసం ప్రార్థన మొదలుపెట్టింది. ఆయన పిల్లలు చల్లగా ఉండాలని, ఆయన కళ్లు తెరవాలని, ఆయనను ఒంటరిగా వదలొద్దని. చాలాసేపు చేసింది. అయ్యాక, నా పక్కన ఎముకల గూడులా ఉన్న ఆ కొడుకు తల వంచి ఆమెన్ అన్నాడు.

నేను అనలేదు. ఇప్పటికీ అనలేదు.